హవాయి భాషలోని నిత్యవ్యవహార పదాలు, వాటి ఉచ్చారణ: తెలుగు నోటికి తగిన సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని హవాయి రాష్ట్రపు రాజధాని హొనొలులు నుంచి కొండలు దాటి కానె‘ఒహె అనే ఊరి వైపు వెళ్లే ఒక రహదారి పేరును ఇంగ్లీషు అక్షరాలలో చూసిన కొత్తవారు దాన్ని తరచుగా “లైక్ లైక్” అని చదువుతారు. నిజానికి అది లికెలికె. కలాకౌఅ రాజుకూ, హవాయి రాజ్యపు చివరి రాణి లిలి‘ఉఒకలనికీ చెల్లెలైన రాజకుమారి పేరు అది. ఇంగ్లీషు అలవాటుతో చూస్తే తప్పిపోయే ఈ పేరు తెలుగు గుణింతంతో చూస్తే ఒక్క క్షణంలో సరిపడుతుంది: లి, కె, లి, కె. హవాయి భాష నేర్చుకోదలచిన తెలుగువారికి ఉన్న మొదటి అనుకూలత ఇదే. ఆ భాషలోని ధ్వనులు దాదాపు అన్నీ మన నోటిలో ముందే ఉన్నాయి. మనకు అడ్డువచ్చేది ధ్వనులు కాదు, అచ్చు పక్కన అచ్చు కనిపిస్తే చాలు వాటిని కలిపివేసే మన సంధి అలవాటు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ అలవాటును అదుపులో పెట్టడం గురించే.

ఇందులో హవాయి మాటలన్నిటినీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పదం మధ్యలో అచ్చు విడిగా కనిపిస్తే (ఉదాహరణకు “లొఅ”) దాన్ని ముందరి అక్షరం నుంచి జారుతున్నట్టు పలకాలి తప్ప మధ్యలో “య”గానీ “వ”గానీ చేర్చకూడదు. పైన చిన్న తలకిందుల కామా (‘) కనిపిస్తే అక్కడ గొంతును ఒక్క క్షణం మూసి తెరవాలి.

మొదటి మెట్టు: పదమూడు అక్షరాలు

హవాయి వర్ణమాలలో ఐదు అచ్చులు, ఏడు హల్లులు, వాటికి తోడు ‘ఒకిన అనే గుర్తు (పైన చెప్పిన తలకిందుల కామా) ఉన్నాయి. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ. హల్లులు హ, క, ల, మ, న, ప, వ. అంతే. ఒత్తు అక్షరాలు లేవు, సంయుక్తాక్షరాలు లేవు, ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది. తెలుగును అజంత భాష అంటాము గాని, ఆ పేరు హవాయి భాషకు ఇంకా బాగా అతుకుతుంది. బస్, కార్ అనే మాటలను మనం బస్సు, కారు చేసుకున్నట్టే వారు కూడా పరభాషా పదాలకు అచ్చులు తగిలిస్తారు. అయితే వారి దగ్గర స, ర, ట వంటివి లేనందువల్ల ఆ మాటలు మరింత రూపు మారతాయి. “మెర్రీ క్రిస్మస్” అక్కడ “మెలె కలికిమక” అయింది. ర స్థానంలో ల, స స్థానంలో క వచ్చాయి, మిగిలిన ఖాళీలను అచ్చులు నింపాయి.

క, ప లను ఇంగ్లీషువారిలా ఊపిరి వదులుతూ ఖ, ఫ లకు దగ్గరగా పలకకూడదు. మన “కప్ప”లోని క, ప చాలు. ల ఎప్పుడూ ల మాత్రమే, ళ కాదు. వ విషయంలో ఇంగ్లీషువారు రెండు ధ్వనుల మధ్య తడబడతారు. ఎ, ఇ తర్వాత పళ్లు పెదవిని తాకేంత దగ్గరగా, ఒ, ఉ తర్వాత పెదవులు గుండ్రంగా ఉంచి పలకడం వాడుక. పదం మొదటా, అ తర్వాతా రెండూ చెల్లుతాయి. మన వ ఆ రెంటికీ నడుమ ఉండే ధ్వని కనుక దాన్ని మార్చకుండా వాడుకోవచ్చు.

రెండవ మెట్టు: హ్రస్వమూ దీర్ఘమూ

హవాయి భాషలో దీర్ఘానికి అచ్చుపై అడ్డగీత పెడతారు. దాన్ని కహకో అంటారు. ఎ–ఏ, ఒ–ఓ భేదం సహా ఐదు అచ్చులకూ హ్రస్వ దీర్ఘాలు ఉన్నాయి కనుక ఈ విషయంలో మనం హిందీ మాట్లాడేవారి కంటే కూడా ఒక అడుగు ముందున్నాము. ఈ భేదం అర్థాన్నే మారుస్తుంది. “కల” అంటే క్షమించడం, “కాలా” అంటే డబ్బు. “వహినె” అంటే ఒక స్త్రీ, “వాహినె” అంటే స్త్రీలు. మరుగుదొడ్ల తలుపులపై “కానె” (పురుషులు), “వాహినె” అని రాసి ఉంటుంది కనుక ఈ జంటనైనా వెంటనే గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక్కడ మన చెవి చేసే ఒక మోసాన్ని చెప్పాలి. హవాయి భాషలో సాధారణంగా చివరి నుంచి రెండవ అక్షరంపై, దీర్ఘం ఉంటే ఆ దీర్ఘంపై ఊనిక పడుతుంది. ఇంగ్లీషు మాట్లాడేవారు ఆ ఊనికను సాగదీసి పలికితే మన చెవికి అది దీర్ఘంగా వినిపిస్తుంది. పత్రికలలో, ప్రకటనలలో “అలోహా” (పలకరింపు మాట) అనే రూపం స్థిరపడటానికి కారణం అదే కావచ్చు. అసలు మాట “అలొహ”, మూడూ హ్రస్వాలే. “లొ” దగ్గర గొంతు కాస్త పైకి లేస్తుంది, అంతకంటే సాగదు. అలాగే “మహాలో” (కృతజ్ఞత చెప్పే మాట) కాదు, “మహలొ”. మొదట్లో చేత్తో తాళం వేసుకుంటూ మూడు అక్షరాలకు మూడు సమానమైన దెబ్బలు వేస్తే ఈ పొరపాటు త్వరగా పోతుంది.

కొన్ని మాటలు తెలుగు మాటలతో అచ్చంగా ఏకమవుతాయి గాని అర్థాలు వేరు. రాష్ట్ర పక్షి అయిన పెద్దబాతు పేరు “నేనే”. “మన” అంటే దివ్యశక్తి, “మాల” అంటే తోట. మెడలో వేసే మాలను మాత్రం “లెఇ” అంటారు. వీటికీ మనకూ చుట్టరికం ఏమీ లేదు. జ్ఞాపకం ఉంచుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి.

మూడవ మెట్టు: గొంతు మూసి తెరవడం

అసలు కష్టం ఇక్కడే ఉంది. ‘ఒకిన హవాయి భాషలో అలంకారం కాదు, విరామచిహ్నమూ కాదు; అది ఒక హల్లు. ‘ఒనొ అంటే రుచికరమైనది, ‘ఒకిన తీసేసి “ఒనొ” అంటే ఒక రకం సముద్రపు చేప. “లాన‘ఇ” ఒక ద్వీపం పేరు, “లానై” ఇంటి వసారా. “పౌ” అంటే అయిపోయింది, “ప‘ఉ” అంటే మసి, “ప‘ఊ” అంటే తడిసినది, “పా‘ఊ” అంటే స్త్రీలు కట్టే ఒక వస్త్రం. ఇంగ్లీషు అక్షరాలలో గుర్తులేవీ లేకుండా రాస్తే ఈ నాలుగూ ఒకే మాటగా కనిపిస్తాయి.

మనం “మా అమ్మ” అనే మాటను “మాయమ్మ” చేస్తాము, “అతడు ఎవరు”ను “అతడెవరు” చేస్తాము. యడాగమం, ఉత్వసంధి వ్యాకరణ పుస్తకాలలో మాత్రమే లేవు, నాలుకపైనే ఉన్నాయి. అందువల్ల “హవై‘ఇ” మన నోట “హవాయి” అవుతుంది, మధ్యలో ఉండవలసిన గొంతు మూతకు బదులు మెత్తని “య” వచ్చి కూర్చుంటుంది. తెలుగులో ఆ ద్వీపాల పేరు హవాయిగా స్థిరపడింది కనుక తెలుగు వాక్యంలో దాన్ని అలాగే వాడటం తప్పు కాదు. నేనూ ఇక్కడ అలాగే వాడుతున్నాను. హవాయి వాక్యం మాట్లాడేటప్పుడు మాత్రం అది హవై‘ఇ కావాలి.

ఈ ధ్వని తెలుగు వర్ణమాలలో లేదు గాని తెలుగు నోటిలో లేకపోలేదు. పొయ్యి వైపు చెయ్యి చాపుతున్న పసివాడిని ఆపడానికి తల్లి “ఆ‘ ఆ‘ ఆ!” అని ముక్కలుగా అంటుంది కదా, ఆ ముక్కల మధ్య గొంతు చేసేది ఇదే. బియ్యం బస్తా ఎత్తబోయే ముందు ఊపిరి బిగబట్టినప్పుడు గొంతు మూసుకునేదీ ఇక్కడే. కంఠం మీద రెండు వేళ్లు ఆనించి “ఆ‘ఆ” అని మెల్లగా అని చూడండి. రెండు “ఆ”ల మధ్య కంపనం పూర్తిగా ఆగి మళ్లీ మొదలైతే ధ్వని సరిగా వచ్చినట్టు. కంపనం ఆగకుండా సాగితే మీరు సంధి చేశారన్నమాట. ఇది కుదిరిన తర్వాత “ఒ‘అహు” (హొనొలులు ఉన్న ద్వీపం), “మొలొక‘ఇ”, “కౌఅ‘ఇ”, “ని‘ఇహౌ”, “కహొ‘ఒలవె” అనే ద్వీపాల పేర్లను వరుసగా పలకండి. “మౌఇ”లో గొంతు మూత లేదు. దానిని మధ్యలో కలిపి సాధన చేస్తే తేడా తెలుస్తుంది. లావాలో గరుకైన రకాన్ని ‘అ‘ఆ అనీ, నున్నని తాళ్లలా మడతలు పడే రకాన్ని పాహొఎహొఎ అనీ ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. ఆ మొదటి మాట ఈ ధ్వనికి ఇంతకంటే చిన్నది లేని పరీక్ష.

పాత పుస్తకాలలో, నేటికీ చాలా పలకలపై ఈ గుర్తులు కనిపించకపోవడానికి ఒక చరిత్ర ఉంది. 1820లో వచ్చిన క్రైస్తవ మిషనరీలు 1822 జనవరి 7న ఈ భాషలో మొదటి అచ్చుకాగితం తీశారు. 1826లో అక్షరాల సంఖ్యను తగ్గించి స్థిరపరచారు. భాష తెలిసినవారికి సందర్భమే అర్థం చెబుతుంది కనుక గొంతు మూతనూ దీర్ఘాన్నీ క్రమంగా రాయవలసిన అవసరం అప్పట్లో అంతగా కనిపించలేదు. తర్వాత 1893లో రాణిని పదవి నుంచి తొలగించారు; 1896లో పాఠశాలల బోధన ఇంగ్లీషులోనే ఉండాలన్న చట్టం వచ్చింది. రెండు మూడు తరాలలో ఇళ్లలో కూడా ఈ భాష వెనుకబడింది. ని‘ఇహౌ ద్వీపంలో మాత్రం తెగకుండా నిలిచింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగం దీన్ని ఇంగ్లీషుతో పాటు అధికార భాష చేసింది. 1984లో “పూనన లెఒ” (స్వరాల గూడు) అనే శిశుపాఠశాలలు మొదలయ్యాయి, 1987లో ప్రభుత్వ పాఠశాలలలో హవాయి మాధ్యమం వచ్చింది. ఇంట్లో వినకుండా పుస్తకం నుంచి నేర్చుకునే తరానికి ఆ రెండు గుర్తులు తప్పనిసరి అయ్యాయి. మనమూ ఆ కోవలోని వాళ్లమే కనుక గుర్తులు లేని పదపట్టికలను పక్కన పెట్టడం మేలు.

నాలుగవ మెట్టు: జంట అచ్చులు

“ఐ”, “ఔ” ధ్వనులు మనకు అలవాటైనవే: “కై” అంటే సముద్రం, “వై” అంటే మంచినీరు. జాగ్రత్త పడవలసింది “అఎ”, “అఒ” జంటల దగ్గర. “‘అఎ” అంటే అవును. దానిని “ఐ” అని తేల్చివేయకుండా నాలుకను “ఎ” దగ్గరే ఆపాలి. “ఒఎ”ను “ఒయె” చేయకూడదు, “లొఅ”ను “లోవా” చేయకూడదు. ఇంతకు మించి ఈ మెట్టులో పెద్ద కష్టమేమీ లేదు.

ఐదవ మెట్టు: పలకరింపులు, మర్యాద మాటలు

ఉదయం “అలొహ కకహిఅక”, నడిమధ్యాహ్నం “అలొహ అవకెఅ”, మధ్యాహ్నం తర్వాత “అలొహ ‘ఔఇనలా”, సాయంత్రం “అలొహ అహిఅహి” అని పలకరిస్తారు. కృతజ్ఞత చెప్పడానికి “మహలొ”, ఎక్కువగా చెప్పాలంటే “మహలొ నుఇ లొఅ”. దానికి బదులుగా “‘అ‘ఒలె పిలికిఅ” (ఇబ్బందేమీ లేదు) అంటారు, ఇందులోని “‘అ‘ఒలె”కు కాదు, లేదు అని అర్థం. దయచేసి అనడానికి “ఎ ‘ఒలు‘ఒలు”, క్షమించమనడానికి “ఎ కల మై ఇఅ‘ఉ”. ఇంటిలోకి ఆహ్వానించేటప్పుడు “ఎ కొమొ మై” (లోపలికి రండి) అంటారు. పుట్టినరోజుకు “హౌ‘ఒలి లా హానౌ”, కొత్త సంవత్సరానికి “హౌ‘ఒలి మకహికి హొఉ”. పని ముగిసిన తర్వాతి సాయంత్రపు తీరిక “పౌ హన”.

వీడ్కోలు మాట మనకు బాగా నచ్చుతుంది. ఇంట్లోంచి బయలుదేరుతూ “వెళ్తాను” అనకుండా “వెళ్లొస్తాను” అనే అలవాటు మనది. వారి “అ హుఇ హొఉ” కూడా మళ్లీ కలుసుకునేదాకా అనే అర్థంలోనే ఉంది.

ఆరవ మెట్టు: పేరు అడగడం, చెప్పడం

“‘ఒ వై కొఉ ఇనొఅ?” అంటే నీ పేరేమిటి. హవాయి భాష పేరును “ఏమిటి” అని అడగదు, “ఎవరు” అని అడుగుతుంది. ఇక్కడి “వై” ఎవరు అనే మాట, నీరు కాదు. జవాబు: “‘ఒ లక్ష్మి కొ‘ఉ ఇనొఅ.” ప్రశ్నలో “కొఉ” (నీ), జవాబులో “కొ‘ఉ” (నా). తేడా ఒక్క గొంతు మూత. అది మరచి సంధి చేసి చెబితే, ఎదుటివారికి “లక్ష్మి నీ పేరు” అని వినబడుతుంది. నేను మొదట సాధన చేసినప్పుడు పది సార్లలో ఏడెనిమిది సార్లు ఎదుటివారికే నా పేరు పెట్టాను. ఈ రెండు వాక్యాలను ప్రశ్న–జవాబుగా రోజూ ఉదయం ఇరవై సార్లు చెప్పుకుంటే మూడవ మెట్టు మొత్తం స్థిరపడుతుంది. ఒక్కటే సాధన చేసే ఓపిక ఉన్నవారికి నేను సూచించేది ఇదే.

తర్వాత “పెహెఅ ‘ఒఎ?” (ఎలా ఉన్నావు?) అని అడిగితే “మైక‘ఇ” (బాగున్నాను) అనాలి. “నొ హెఅ మై ‘ఒఎ?” (ఎక్కడినుంచి వచ్చావు?) అని అడిగితే “నొ గుంటూరు మై ఔ” అని ఊరి పేరు పెట్టి చెప్పవచ్చు; “ఔ” అంటే నేను. మన వాక్యంలో క్రియ చివర ఉంటే, అక్కడ క్రియ మొదట వస్తుంది: “అలొహ ఔ ఇఆ ‘ఒఎ” అన్నప్పుడు ప్రేమ ముందు, నేను తర్వాత, నిన్ను చివర.

ఏడవ మెట్టు: మనం, మేము, మీరు

ఇంగ్లీషు ద్వారా ఈ భాష నేర్చుకునేవారికి పెద్ద పాఠంగా చెప్పే విషయం ఒకటి మనకు పుట్టుకతోనే తెలుసు. వినేవారిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. హవాయి భాషలో ఇద్దరికి వేరుగా, ముగ్గురూ అంతకంటే ఎక్కువ మందికి వేరుగా మాటలు ఉంటాయి. “కాఉఅ” అంటే నువ్వూ నేనూ, మనమిద్దరం. “మాఉఅ” అంటే నువ్వు కాక మేమిద్దరం. “కాకొఉ” అంటే మనమంతా. “మాకొఉ” అంటే మేమంతా. కాతో మొదలైతే మనం, మాతో మొదలైతే మేము. మన “మా” తోనే జత చేసి గుర్తుంచుకోండి. సభలో అందరినీ ఉద్దేశించి “అలొహ కాకొఉ” అనడం దీన్నిబట్టే. అక్కడ “అలొహ మాకొఉ” అంటే వినేవారిని బయట నిలబెట్టినట్టు అవుతుంది.

మీరు అనే గౌరవవాచకం విషయంలో మాత్రం మన అలవాటు తప్పుదారి పట్టిస్తుంది. హవాయి భాషలో ఒక మనిషి ఎంత పెద్దవారైనా “‘ఒఎ” అనే అంటారు. ఇద్దరైతే “‘ఒలుఅ”, ముగ్గురూ అంతకంటే ఎక్కువ మందైతే “‘ఒఉకొఉ”. ఒక పెద్దాయనను గౌరవంగా “‘ఒఉకొఉ” అని సంబోధిస్తే, ఆయన తన వెనుక ఇంకెవరున్నారా అని చూసుకుంటారు. మర్యాద అక్కడ పిలుపులో ఉంటుంది. రక్తసంబంధం లేని పెద్దవారిని కూడా ఆంటీ, అంకుల్ అంటారు. తాతలనూ అమ్మమ్మలనూ “తూతూ” అంటారు (ఈ మాటలో త ఇంకా మిగిలి ఉంది). ఒక పెద్దవారిని “కుపున”, పెద్దలందరినీ కలిపి “కూపున” అంటారు. కుటుంబం “‘ఒహన”. ఈ మాట “‘ఒహా”, అంటే చేమ మొక్క తల్లిదుంప పక్కన వేసే పిలకలు, అనే మాట నుంచి వచ్చింది. చేమను వారు “కలొ” అంటారు. ఉడికించి దంచి చేసిన దాని ముద్ద “పొఇ”. మన చేమదుంపల పులుసులో పడేదీ, వారి పొఇలో ఉండేదీ ఒకే జాతి మొక్క.

ఎనిమిదవ మెట్టు: దారి అడగడం, లెక్కించడం

దారి చెప్పేటప్పుడు అక్కడివారు ఇంగ్లీషులో మాట్లాడుతున్నా కూడా తూర్పు, పడమర అనడం తక్కువ. “మౌక” అంటే కొండవైపు, “మకై” అంటే సముద్రంవైపు. హొనొలులులో పడమటి దిక్కుకు “‘ఎవ” అంటారు, ఎందుకంటే ఆ వైపు ‘ఎవ అనే ప్రాంతం ఉంది. ఏరు ఎగువ, దిగువ అనే మాటలతో దారి చెప్పే గోదావరి లంకల వారికి ఇది వింతగా తోచదు.

ఒకటి నుంచి పది: ‘ఎకహి, ‘ఎలుఅ, ‘ఎకొలు, ‘ఎహా, ‘ఎలిమ, ‘ఎఒనొ, ‘ఎహికు, ‘ఎవలు, ‘ఎఇవ, ‘ఉమి. “లిమ” అంటే చెయ్యి కూడా. ఐదు వేళ్లతో గుర్తుంచుకోవచ్చు.

తొమ్మిదవ మెట్టు: రోజువారీ సాధన

గబగబ, చకచక అని మనం రెట్టించినట్టే వారూ రెట్టిస్తారు. “వికివికి” అంటే గబగబ; హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సుకు ఉన్న ఆ పేరు చూసే అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ 1995లో తన వెబ్‌సైటుకు వికీ అని పేరు పెట్టారు, అక్కడినుంచే తెలుగు వికీపీడియా దాకా ఆ మాట వచ్చింది. “వెహె” అంటే విప్పడం, “వెహెవెహె” అంటే విప్పి చెప్పడం. ఈ రెండవ మాట పేరుతోనే ఒక ఉచిత ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. సందేహం వచ్చిన ప్రతి మాటనూ అందులో చూసి గుర్తులతో సహా నోటుపుస్తకంలో రాసుకోవాలి. భాషలు నేర్పే డుయోలింగో యాప్‌లో 2018 నుంచి హవాయి పాఠాలు ఉన్నాయి. అవి చెవికి ఉపయోగపడతాయి గాని వాటికి ముందు ఒక వారం రోజులు కంఠంపై వేళ్లు ఆనించి గొంతు మూతను సాధించడం మంచిది. తప్పుగా అలవాటైన మాటను దిద్దడం కొత్త మాట నేర్చుకోవడం కంటే కష్టం.

సాధన ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి రాష్ట్ర చేప పేరు తీసుకోండి: హుముహుమునుకునుకుఆపుఅ‘అ. భయపడవలసింది లేదు, ముక్కలు చేస్తే హుముహుము, నుకునుకు, ఆ, పుఅ‘అ, పంది మూతిలాంటి మూతి గల హుముహుము చేప అని అర్థం. మొదటి ఎనిమిది అక్షరాలు మన నోట నీళ్లలా పోతాయి. “ఆ” దగ్గర దీర్ఘం తీసి, చివరి రెండు “అ”ల మధ్య కంపనం ఆగిందో లేదో వేళ్లతో చూసుకోండి. ఆగకుండా “పువా” అని వినిపిస్తే మూడవ మెట్టుకు తిరిగి వెళ్లి, లక్ష్మి పేరు వాక్యంతో మళ్లీ మొదలుపెట్టాలి.